పడవలో మరుగుదొడ్డి

అడవిపొలం, దరియాలతిప్ప, యానాం రేవుల్లో వింటున్నవాళ్ళకీ, అవతల ఎదుర్లంక, ఇవతల తాళ్ళరేవు, కింద భైరవపాలెం దాకా బోట్లతో బతికేవాళ్ళకీ చెబుతున్న మాటలివి. ఈ పూట సంగతి అన్నాల వేళకి తగింది కాదు. కంచం ముందు కూర్చున్నవాళ్ళు ముందు భోజనం కానివ్వండి, ఈలోపు నేను ఇంజన్ల సంగతితో మొదలుపెడతాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర బోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోటు ఓనరుకి చేతినిండా పనే. ఇంజను విప్పిస్తాడు. ప్రొపెల్లరు చూపిస్తాడు. చెక్కల సందుల్లో నార కూరించి రంగు వేయిస్తాడు. వలలు బాగుచేయిస్తాడు. ఐసు గదికి మాటు వేయిస్తాడు. వైర్‌లెస్ సెట్టూ, జీపీఎస్సూ పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటాడు. ఇన్నీ అయ్యాక, "ఏడెనిమిదిమంది మనుషులు పది రోజులపాటు సముద్రం మీద ఉంటారు కదా, మరి దొడ్డికెక్కడికి వెళ్తారు?" అని అడిగి చూడండి. నవ్వుతారు. "ఇంత గోదారి, అంత సముద్రం ఉండగా మళ్ళీ దొడ్డెందుకండీ బాబూ" అంటారు.

నవ్వడం తేలికే. ఆ పని ఎలా చేస్తారో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. అర్ధరాత్రి. బోటు పక్కలకి ఊగుతోంది. అంచు చెక్క మంచుకీ, చేపల జిగురుకీ జారుతోంది. మనిషి వెనక కొసకి వెళ్ళి, ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండు పాదాలూ అంచు మీద ఆనించి కూర్చుంటాడు. వల లాగేటప్పుడు పక్కన పదిమంది చేతులుంటాయి. ఈ పనికి వెళ్ళినవాడి వైపు ఎవరూ చూడరు, మర్యాద కొద్దీ మొహం తిప్పుకుంటారు. కాలు జారితే కేక ఇంజను మోతలో కలిసిపోతుంది. కడుపు కదిలినవాడికీ, జ్వరంతో తూలుతున్నవాడికీ ఇది రాత్రికి నాలుగుసార్లు. ఈ బాధ తప్పించుకోవడానికి నీళ్ళు తాగడం తగ్గించేస్తారు కొందరు. ఉప్పుగాలిలో, ఎండలో, నీళ్ళు తాగకుండా! కాబట్టి బోటులో మరుగుదొడ్డి అంటే సోకు అనుకోకండి. లైఫ్ జాకెట్టు ఏ లెక్కలోకి వస్తుందో అదీ ఆ లెక్కలోకే వస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేపల వేట పని మీద ఒక ఒడంబడిక చేసింది. 188వ నంబరుది. 2017 నవంబరు 16 నుంచి అమల్లో ఉంది. మనుషులు ఉండటానికి వసతి ఉన్న బోటులో మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు ఉండాలంటుంది అది. 24 మీటర్లు దాటిన పెద్ద బోట్లకైతే నలుగురికి ఒకటి చొప్పున అని లెక్క కూడా కట్టింది. మన బోట్లు అంత పెద్దవి కావు. కానీ చిన్న బోటులో ఉన్నవాడికి మాత్రం కడుపు చిన్నదై పోతుందా?

వెనకటి తెరచాప ఓడల్లో ముందు కొసన, అలల మీదకి తోసుకొచ్చిన చోట, బెజ్జాలు చేసిన బల్లలు ఉండేవి. గాలి ఎక్కువగా వెనక నుంచి తోస్తుంది కాబట్టి వాసన ముందుకే పోతుందని ఆ ఏర్పాటు. మన పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల్ని కట్టి, బాగుచేసి పంపిన రేవు. 1839 నవంబరు తుఫాను దాన్ని ఊడ్చిపెట్టింది గానీ, తాళ్ళరేవు చుట్టుపక్కల కర్ర పడవలు కట్టే చేతివాటం పోలేదు. ఆ చేతులకి మరుగుదొడ్డి గది కట్టడం ఒక లెక్క కాదు. కట్టమని అడిగేవాళ్ళే లేరు.

సరే, పెట్టించుకుందామనుకున్నవాళ్ళకి మొదటి ప్రశ్న ఏది? పింగాణీదా, ఫైబరుదా, కూర్చునేదా, గొంతుక్కూర్చునేదా అన్నవి తరవాత. లోపల పడ్డది ఎక్కడికి పోతుంది అన్నదే మొదటి ప్రశ్న. నా మట్టుకు నేను ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడుతుందంటాను.

సముద్రంలో తిరిగే పెద్ద ఓడలకి ఒక ప్రపంచ నియమం ఉంది. మార్పోల్ ఒప్పందంలో నాలుగో అనుబంధం. 2003 సెప్టెంబరు నుంచి అమలు. 400 టన్నులు, ఆపైన ఉన్న ఓడలకీ, పదిహేను మందికి మించి ఎక్కే వాటికీ వర్తిస్తుంది. మెత్తగా నలగ్గొట్టి, క్రిములు చచ్చేలా మందు కలిపిన మురుగైతే ఒడ్డుకి 3 నాటికల్ మైళ్ళ అవతల వదలొచ్చు. ఏమీ చేయని పచ్చి మురుగైతే 12 మైళ్ళు దాటాలి. అంటే సుమారు 22 కిలోమీటర్లు. అదీ ఓడ కదులుతుండగా, కొద్దికొద్దిగానే వదలాలి. చట్టపరంగా మన చిన్న బోట్లని ఇది పట్టుకోదు. కానీ ఆ అంకెల వెనక ఉన్న తెలివి మనకీ పనికొస్తుంది. లోతైన, కదిలే, ఉప్పు నీళ్ళకి అరాయించుకునే శక్తి ఉంది. ఏటి నీళ్ళకి అంత లేదు.

అందులోనూ మన ఏరు మామూలు ఏరు కాదు. యానాం దగ్గర గోదావరి పాయ గౌతమికి పోటూ పాటూ ఉన్నాయి. పాటు వేళ రేవులో వదిలింది దరియాలతిప్ప దాకా పోయి, పోటు వేళకి తిరిగి మన మెట్ల దగ్గరికే వస్తుంది. ఎండాకాలంలో ధవళేశ్వరం పైనుంచి దిగే నీరు ఎంతని? తోసుకుపోయే వరద లేనప్పుడు ఉన్న నీళ్ళే అటూ ఇటూ ఊగుతుంటాయి. అదే నీళ్ళలో పిల్లలు ఈదుతారు. కోరంగి మడ అడవుల్లో గుల్లలు ఆ నీళ్ళనే వడపోసి బతుకుతాయి, నీళ్ళలోని క్రిముల్ని తమలో దాచుకుంటాయి. వరద నీళ్ళు ఎర్రబడ్డాక సముద్రం నుంచి పులస ఎదురెక్కి వచ్చేదీ ఈ దారినే. పులస ముక్క కోసం పుస్తెలమ్మినా తప్పులేదనే మనవాళ్ళు, అది వచ్చే దారిలో ఏం వదులుతున్నామో ఆలోచించకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అందుకని నా మాట ఒకటే: ఏటిలో తిరిగే ఏ బోటుకైనా ట్యాంకు ఉండాలి. ట్యాంకు లేని మరుగుదొడ్డి, గోడలున్న గట్టు. అంతకన్నా ఏం కాదు.

విదేశీ పడవల పుస్తకాలు చూసినా, అంగళ్ళలో అడిగినా, ముందు చేతిపంపు కమోడ్ చూపిస్తారు. జాబ్‌స్కో, రారిటన్ అని పేరున్న తయారీలు. పక్కన పిడి ఉంటుంది. దాన్ని పైకీ కిందకీ ఆడిస్తే ఒకే పంపు ఒక పక్కన సముద్రపు నీళ్ళు లోపలికి లాగుతుంది, రెండో పక్కన ఉన్నది బయటికి తోస్తుంది. లావాక్ అని ఇంకో రకం ఉంది. మూత గట్టిగా వేసి పంపు కొడితే లోపల గాలి తగ్గి, నీళ్ళు వాటంతటవే వస్తాయి. కరెంటువీ ఉన్నాయి. మీట నొక్కితే లోపల బ్లేళ్ళు తిరిగి అంతా నలగ్గొట్టి పంపేస్తాయి. అవి తిరిగినంతసేపూ 12 వోల్టుల బ్యాటరీ మీద పదిహేను, ఇరవై ఆంపియర్లు లాగుతాయి. రాత్రి దీపాలూ, వైర్‌లెస్సూ ఆ బ్యాటరీ మీదే కదా. వేట బోటుకి అది వద్దనే చెప్తాను.

చేతిపంపువి మంచివే. కానీ వాటికి బోటు అడుగున, నీటిమట్టం కింద, రెండు బెజ్జాలు కావాలి. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. కమోడ్ నీటిమట్టం కన్నా కిందికి ఉంటే, ఒక్కసారి గొట్టం నిండాక ఎవరూ పంపు కొట్టకపోయినా నీళ్ళు వాటంతటవే వస్తూనే ఉంటాయి. రేవులో కట్టేసిన పడవలు తెల్లారేసరికి అడుగుకి చేరడానికి ఇదొక కారణం. దీనికి విరుగుడు, గొట్టాన్ని నీటిమట్టం పైకి బాగా ఎత్తి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టడం. పని కాగానే అడుగు వాల్వులు రెండూ కట్టేయడం. ఒక్కో వాల్వు పక్కన బెజ్జానికి సరిపడే కర్ర బిరడా తాడుతో కట్టి ఉంచడం. ప్రతి గొట్టం మూతికి ఒకటి కాదు, రెండు స్టీలు క్లాంపులు బిగించడం.

వాల్వుల సంగతి చులకన చేయకూడదనడానికి ఒక జర్మన్ జలాంతర్గామి కథ ఉంది. పేరు యు-1206. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి రోజులు, 1945 ఏప్రిల్ 14. స్కాట్లండ్ తీరం దగ్గర నీళ్ళ అడుగున ఉంది. లోతులో కూడా వాడుకోగల కొత్తరకం మరుగుదొడ్డి అందులో ఉంది. దాని వాల్వుల వరస పెద్ద తతంగం. ఆ రోజు ఎక్కడో తేడా వచ్చి సముద్రం లోపలికి తన్నుకొచ్చింది. కింద బ్యాటరీలున్నాయి. ఉప్పునీళ్ళు బ్యాటరీ యాసిడ్‌తో కలిసేసరికి క్లోరిన్ విషవాయువు పుట్టింది. ఊపిరాడక పైకి తేలక తప్పలేదు. తేలగానే బ్రిటిష్ విమానాలు చూశాయి. జలాంతర్గామిని వాళ్ళే ముంచేసుకుని బయటపడ్డారు, నలుగురు చనిపోయారు. శత్రువు బాంబుల కన్నా ముందు మరుగుదొడ్డి వాల్వు పని పట్టింది.

మన బోట్లకి అంత తతంగం ఎందుకు? అడుగున బెజ్జం పెట్టని పద్ధతే మేలు. గొంతుక్కూర్చునే ఫైబరు బేసిన్, దాని కిందే ట్యాంకు, చెంబుతో పోసే నీళ్ళు. అయితే ఇంట్లో వాడే బేసిన్ తెచ్చి బిగిస్తే పనికిరాదు. దాని మెడ వంపులో నిలిచే నీళ్ళే వాసనని ఆపుతాయి. బోటు ఊగినప్పుడు ఆ నీళ్ళు ఒలికిపోతాయి, వాసన తిన్నగా పైకొస్తుంది. అందుకని కాలితో నొక్కితే తెరుచుకుని, వదిలితే గట్టిగా మూసుకునే మూత ఉన్న రకం చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, పర్యాటకుల బోట్లకి, కమోడ్.

గది విశాలంగా ఉండాలనుకోకండి. బోటులో ఇరుకే మంచిది, రెండు భుజాలూ గోడలకి ఆనితే మనిషి పడడు. కూర్చున్నవాడు బోటు పొడుగు దిశగా ముందుకో వెనక్కో చూసేట్టు ఉండాలి. ఊపు పక్కలకే ఎక్కువ కాబట్టి గోడలు కాస్తాయి. రెండు పక్కలా పట్టుకునేందుకు కమ్మీలు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడినవాడు తలుపుకి అడ్డం పడితే తీసేదెవరు?

ఇక ట్యాంకు ఎంత? ఎనిమిదిమంది, పది రోజులు, మనిషికి రోజుకి చెంబు నీళ్ళతో కలిపి మూడు లీటర్లు వేసుకుంటే 240 లీటర్లు. అంత బరువు మోయాలా అని భయపడొద్దు. వేట బోటు 12 మైళ్ళు దాటాక బోటు కదులుతుండగా చేతిపంపుతో కొద్దికొద్దిగా వదులుకోవచ్చు. ఆ గొట్టం మూతి నీటిమట్టానికి పైనే, బోటు పక్కన పెట్టించుకోండి. అప్పుడు ట్యాంకు పని ఏటిలోనూ, ఒడ్డు దగ్గరా గడిపే ఆ ఒకటి రెండు రోజులకే. అరవై నుంచి ఎనభై లీటర్లు చాలు.

పర్యాటకుల బోటు లెక్క వేరు. అది ఏరు దాటి ఎక్కడికీ పోదు. యాభైమంది, రోజుకి మనిషికి రెండుసార్లు, సారికి రెండు లీటర్లు అనుకుంటే ఒక్క రోజుకే 200 లీటర్లు. మొత్తం మోయాల్సిందే, ఒడ్డున ఖాళీ చేయాల్సిందే. ఆ బరువు బోటు అడుగున, నడిమధ్యన ఉండాలి. లోపల అడ్డు పలకలు ఉండాలి, లేకపోతే సగం నిండిన ట్యాంకులో నీళ్ళు ఒక పక్కకి పరుగెత్తి బోటుని ఆ పక్కకే లాగుతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు రాయల్ వశిష్ఠ మునిగాక గోదావరి బోట్ల తూకం గురించి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకుని పై అంతస్తులో పెడదామనేవాళ్ళ మాట వినకండి. ప్లాస్టిక్కో ఫైబరో మంచిది, అల్యూమినియాన్ని మూత్రం తినేస్తుంది.

ట్యాంకుకి గాలి గొట్టం సన్నగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. "వాసన వస్తుందండీ, చిన్నది పెట్టండి" అంటారు. జరిగేది తలకిందులు. గాలి బాగా ఆడితే గాలి పీల్చే సూక్ష్మజీవులు బతికి, పెద్దగా కంపు లేకుండా పని కానిస్తాయి. గాలి ఆడకపోతే వేరే జాతి పెరిగి, కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు పుట్టిస్తుంది. కాబట్టి వెడల్పాటి గొట్టం, వీలైతే రెండు వైపులా రెండు. కొందరు రైలు బోగీల్లో డీఆర్‌డీఓ వాళ్ళ బయో టాయిలెట్ ఉంది కదా, అదే పెడదామంటారు. మంచి పరికరమే. కానీ అందులో పనిచేసేవి బతికున్న బాక్టీరియా, మనవాళ్ళ చేతిలో బ్లీచింగు పౌడరు ఆగదు. ఒక్క గుప్పెడు పడితే అవి చస్తాయి, మిగిలేది వట్టి డబ్బా.

వాడకంలో చూసుకోవాల్సినవి. చేతిపంపు రకం ఉన్నవాళ్ళు ముందుగా బయటికి తోసే గొట్టంలో ఉండే రబ్బరు ముక్క గురించి తెలుసుకోండి. బాతు మూతిలా ఉంటుంది. అటు పోయింది ఇటు రాకుండా ఆపేది అదే. మూత్రమూ ఉప్పునీళ్ళూ కలిస్తే సున్నం కడుతుంది. ఆ సున్నం దాని పెదాలకి పట్టి అవి మూసుకోవు, తోసింది తోసినట్టే వెనక్కి వస్తుంది. ఏడాదికోసారి కొత్తది వేసేయండి, చవకదే. సున్నానికి వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే కరుగుతుంది. ఇంట్లో బాత్రూములకి వాడే యాసిడ్ వద్దు, లోహపు వాల్వుల్ని తింటుంది. ఆ యాసిడూ బ్లీచింగూ కలిస్తే, ఇందాక చెప్పిన జలాంతర్గామిలో పుట్టిన వాయువే మీ ఇరుకు గదిలో పుడుతుంది. పంపు బిగుసుకుంటే గ్రీజు, కిరసనాయిలు, డీజిలు పోయకండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొంచెం వంటనూనె చాలు, సిలికాన్ నూనె దొరికితే ఇంకా మంచిది.

అంతా కడిగినా గదిలో వాసన పోవడం లేదంటే గొట్టాన్ని అనుమానించండి. వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ తీసుకుని గొట్టం చుట్టూ బిగించి తుడవండి. గుడ్డ చల్లారాక వాసన చూడండి. గుడ్డకి కంపు పట్టిందా, గొట్టం గోడలోంచే వాసన ఊరుతోందన్నమాట. కడగడం దండగ, మార్చేయండి. ఇంకొకటి, వారం రోజుల తరవాత మొదటిసారి పంపు కొట్టగానే వచ్చే కుళ్ళు వాసన మురుగుది కానక్కర్లేదు. గొట్టంలో నిలిచిన సముద్రపు నీళ్ళలో చచ్చిన సన్న జీవులది. బోటు వదిలి ఇంటికెళ్ళే ముందు ఒక బకెట్ మంచినీళ్ళు పంపులోంచి పోనిస్తే అది ఉండదు. గుట్కా కాగితాలు, బీడీ ముక్కలు, అన్నిటికన్నా ముఖ్యం వల నైలాను దారాలు, లోపల పడకూడదు. దారం పంపులో చుట్టుకుంటే విప్పేవాడు మిమ్మల్ని తిట్టే తిట్లు ఆకాశవాణిలో చెప్పలేను.

ఖాళీ చేయడం దగ్గరే అందరూ ఆగిపోతారు. కేరళలో అలప్పుళ దగ్గర హౌస్‌బోట్ల మురుగు తీసుకుని శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు. మన దిండిలో కూడా హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. పాత 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టంలో కాలుష్యానికి ఒక అధ్యాయమే ఉంది. ఒడ్డున వ్యర్థాలు తీసుకునే ఏర్పాట్ల మాటా అందులో ఉంది. రేవులో అలాంటివి వచ్చేదాకా ఊళ్ళోకొచ్చే సెప్టిక్ ట్యాంకు లారీయే గతి. దాని గొట్టం రేవు మెట్ల మీదనుంచి అందేలా ట్యాంకు మూతి డెక్కు మీదకి తెచ్చి, గట్టి మూత బిగించుకోండి. నలుగురు ఓనర్లు కలిసి ఒకే రోజు పిలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. లారీవాణ్ణి ఎక్కడ పోస్తావని అడగండి. పక్క కాలవలో పోసేవాడైతే మన శ్రమంతా వృథా.

ఎంత చిన్న ట్యాంకైనా మనిషిని మాత్రం లోపలికి దించకూడదు. తల దూర్చి చూడనూ కూడదు. ట్యాంకులో పుట్టే ఆ కుళ్ళిన గుడ్డు వాసన వాయువు ప్రాణం తీయడానికి రెండు ఊపిర్లు చాలు. సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఒకరి వెనక ఒకరు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించి కడిగించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. గది కడిగే పని సంగతికొస్తే, బోటులో అది ఎప్పుడూ వంట చేసే కుర్రాడి నెత్తిన పడుతుంది. వంట చేసే చేతులకే ఆ పనీ అప్పగించడం ఏం తెలివో నాకర్థం కాదు. సరంగు పేరుతో సహా వంతులు రాసి తలుపుకి అంటించండి.

పెట్టించాక మొదటి పరీక్ష రేవులోనే చేసుకోండి. ట్యాంకు నిండా మామూలు నీళ్ళు పోసి, ఒక పోటూ ఒక పాటూ గడవనిచ్చి, టార్చిలైటు పట్టుకుని ఒక్కో క్లాంపు కిందా వేలు పెట్టి తడిమి చూడండి. తడి తగిలినచోట చాక్‌పీసుతో గీత పెట్టి, మేస్త్రీ వెళ్ళిపోకముందే పిలిచి చూపించండి.